మాటల పుట్టినిండ్లు

కర్నూలు నుండి నంద్యాలకు పోవు మార్గమున ఓర్వకల్లు అను గ్రామము కలదు. ఆ మార్గమున పోవువారికి ముందుగా కానవచ్చునవి రాళ్లు. గుట్టలుగా, గోడలుగా, ఎవరో తీరికగా ఒకదానిపై నొకటి పేర్చినట్లుగా నిలిచిన యా శిలలను చూచుటకే దూరప్రాంతముల నుండి జనులు వచ్చుచుందురు. పర్యాటకశాఖవారు వాని నడుమ కాలిబాటలు వేసి ఆ తావును శిలావనముగా తీర్చిదిద్దిరి. ఆ మండలమునకే చెందిన కేతవరమున ఆదిమానవులు రాతిపై గీచిన చిత్రములును కలవు.

ఇట్టి యూరి పేరు చివర 'కల్లు' అను మాట యుండుట చూచి క్రొత్తవారు తాటికల్లును, ఈతకల్లును తలచుకొని ముసిముసిగా నవ్వవచ్చును. కాని ఊరిపేరులలోని యీ కల్లు త్రాగెడి కల్లు కాదు. అది రాయి. మన పొరుగువారగు కన్నడిగులు నేటికిని రాయిని కల్లనియే యందురు. అరవమున రాతికిని, త్రాగు కల్లునకును లకారములు వేరు; కావున అచ్చట తికమక లేదు. తెలుగున నారెండు లకారములును ఇచ్చట కలిసిపోవుటచే రెండు వేర్వేరు వంశముల మాటలు ఒకే ముఖము ధరించినవి. బిడ్డకు పోయు పాలును, ఆస్తిలో రావలసిన పాలును ఇట్టివియే. వ్రాతలో భేద మించుకయు లేదు. అర్థమున నెంత భేదమున్నదో, పాలు పంచుకొన్న యింటి ఆడుపడుచు నడిగిన తెలియును.

అక్షరములు కలిసినంతమాత్రమున చుట్టరికము కలియదు. ఇది మనకు మన భాషలో తెలియని సంగతి కాదు. కాని పరభాష యెదురుపడగానే దానిని మరచిపోవుదుము. నేడు మన యిండ్లలో తిరుగాడుచున్న ఇంగ్లీషు మాటలెన్నియో కలవు. బ్యాంకు, బాండు, బ్యాండేజి, బనియను అను మాటలు తెలియని పల్లె లేదు. అవి యేయింట పుట్టి, ఏ దారిని నడచి మన వాకిటికి వచ్చినవో మాత్రము మనము విచారింపము. ఈ మాసమున మేము బి, ఏ, ఎన్ అను మూడక్షరములతో మొదలగు ఇంగ్లీషు మాటలను కొన్నింటిని మాత్రమే ఏరి, వాని పుట్టినిండ్లను సోదరీమణుల కెరిగింప దలచితిమి. నిఘంటువులో నివి ఒకే వీథిలోని యిండ్లవలె వరుసగా నుండును. ఒకే యింట మెట్టిన తోటికోడండ్రకు ఇంటిపేరొక్కటియే, పుట్టినిండ్లు వేరు. ఈ మాటలును అట్టివియే.

కడపలోని బంగళా

ఇట్టి విచారణకు మన సీమ క్రొత్తది కాదు. 1820వ సంవత్సరమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కడపకు ఉద్యోగియై వచ్చినప్పుడు ఆయనకు ఇరువదిరెండేండ్లు నిండలేదు. ఆయన ఆ పట్టణమున నొక బంగళా కొని, పండితులను జీతమిచ్చి చేర్చి, తాళపత్రగ్రంథములను సేకరించి, శుద్ధప్రతులు వ్రాయించెను. 1852వ సంవత్సరమున ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది. అందరకును తెలిసిన గ్రంథమది. కాని 1854వ సంవత్సరమున ఆయన మరియొక చిన్న నిఘంటువును ప్రకటించెను. కచేరీలలోను, వ్యవహారములలోను తెలుగువారు వాడుకొనుచున్న పరభాషాపదములకు అందు అర్థములు చెప్పబడినవి. సంకరమని పండితులు త్రోసివేయు మాటను సైతము ఆయన పిలిచి కూర్చుండబెట్టి, 'నీదే యూరు?' అని యడిగెను. కాగితము చదువవలసినవానికి కాగితములోని మాట కావలెను గాని దాని కులగోత్రములతో పేచీ యేల యని ఆయన తలచియుండును. ఆ బంగళా యున్న తావుననే నేడు కడపలో ఆయన పేరిట భాషాపరిశోధనకేంద్రము వెలసియున్నది.

బంగళా యనుమాట బెంగాలు దేశపు పేరు నుండి పుట్టినది. బెంగాలు రీతి యిల్లని దాని యర్థము. తెలుగున 'బం' అని మొదలైనను ఇంగ్లీషున దాని రెండవ యక్షరము వేరగుటచే అది మన వరుసలోనికి రాదు. కావున దానిని వాకిటనే విడిచి లోనికి పోదము.

బల్లమీది బేరము

మొదట బ్యాంకు. పూర్వము ఇటలీదేశపు పట్టణములలో నాణెములు మార్చువారు అంగడివీథిలో నొక బల్ల వేసికొని కూర్చుండెడివారు. పలుదేశముల వర్తకులు తెచ్చిన నాణెములను ఆ బల్లపైననే యెంచి, తూచి, మార్చి యిచ్చెడివారు. ఆ బల్లకు ఇటాలియను భాషలో 'బాంకా' యని పేరు. బల్ల పేరే క్రమముగా బల్లపై జరుగు వ్యాపారమున కయ్యెను; పిదప ఆ వ్యాపారము జరుగు మేడ కయ్యెను. బడిపిల్లలు కూర్చుండు 'బెంచి'యు ఈ మాటకు దాయాదియే. ఏటిగట్టును ఇంగ్లీషున బ్యాంకనుటయు ఈ మూలమునుండియే. గట్టు బల్లవలె ఎత్తుగా నుండును గదా! ఏటిగట్టున నున్న బ్యాంకును, సొమ్ము దాచు బ్యాంకును ఒకే తాత మనుమలు. కాని ఒకటి యుత్తరదేశములమీదుగా, మరియొకటి ఇటలీ ఫ్రాన్సుల మీదుగా ఇంగ్లండు చేరినవి.

ఈ బల్లకే మరి యిద్దరు బిడ్డలు కలరు. ఒకరు 'బ్యాంక్రప్టు', అనగా దివాలా తీసినవాడు. ఇటాలియను భాషలో దీని మూలమునకు 'విరిగిన బల్ల' యని యర్థము. అప్పు తీర్చలేని షరాబు బల్లను తోటివర్తకులు విరుగగొట్టెడివారని యొక కథ వాడుకలో నున్నది. నిజముగ విరుగగొట్టిరో, లేక మాటవరుసకే యట్లనిరో చెప్పజాలము. మన పల్లెలలో 'వాడు ఐపీ పెట్టినాడు' అందురే, అదియే యిది. రెండవ సంతానము 'బ్యాంక్వెటు', అనగా విందు. దీనికి మూలమున 'చిన్నబల్ల' యని యర్థము. మొదట అది చిన్నబల్లపై నుంచిన ఫలహారము మాత్రమే. రానురాను రాజులవిందుగా పెరిగినది. ఒక బల్ల సొమ్ము దాచిపెట్టినది, ఒక బల్ల విరిగినది, ఒక బల్ల విందు పెట్టినది. సంసారమున నీమూడును ఒకదాని ప్రక్కనొకటి యుండుట మనము చూడనిది కాదు.

తెలుగునాట ప్రసిద్ధి కెక్కిన ఆంధ్రాబ్యాంకును భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923వ సంవత్సరమున మచిలీపట్టణమున స్థాపించిరి. ఆ పట్టణమునకు బందరని వేరొక పేరు. పారసీకమున 'బందర్' అనగా ఓడరేవు. ఇంగ్లీషున వ్రాసిన నదియు మన మూడక్షరములతోనే మొదలగును. కాని బల్లకును రేవునకును చుట్టరికము లేదు. ఆ బ్యాంకు 2020వ సంవత్సరమున యూనియను బ్యాంకులో కలిసిపోయినది. పేరులు మారుచుండును, బల్ల మాత్రము మిగులును.

చాటింపు

ఇక 'బ్యాన్'. నేడు దీనికి నిషేధమని యర్థము. కాని ప్రాచీనకాలమున దీని యర్థము చాటింపు, పదిమంది వినునట్లు ప్రకటించుట. అధికారి చాటింపులలో పెక్కులు 'ఇది చేయరాదు' అనునవియే గదా! అందుచే చాటింపు కాస్త నిషేధమైనది. ఈ మాట పూర్వార్థమును నిలుపుకొన్న సోదరి యొకతె కలదు: 'బాన్స్'. క్రైస్తవుల దేవాలయములలో వివాహమునకు ముందు మూడు ఆదివారములు 'వీరికిని వారికిని పెండ్లి జరుగనున్నది, అభ్యంతరమున్నవారు చెప్పవచ్చును' అని ప్రకటించు ఆచారమునకు ఆ పేరు. ఒకే తల్లి బిడ్డలలో ఒకతె తలుపు మూయుచున్నది, ఒకతె పెండ్లిపందిరికి పిలుచుచున్నది.

ఈ యింటివారు మరికొందరు కలరు. 'బ్యానిష్' అనగా దేశమునుండి వెడలగొట్టుట. అదియు చాటింపువేసి చేసినదే. అట్లు వెడలగొట్టబడినవాడు అడవిపట్టి దారులు కొట్టిన 'బ్యాండిట్', అనగా బందిపోటు. 'బనాల్' అను మాట కథ మరియు చిత్రమైనది. ఫ్రాన్సు దేశపు పల్లెలలో ప్రభువు చాటింపు ప్రకారము అందరును ప్రభువు మరలోనే పిండి విసరించుకొని, ప్రభువు పొయ్యిలోనే రొట్టె కాల్చుకొనవలసియుండెను. అట్టి మరకు, పొయ్యికి ఆ విశేషణము. ఊరివారందరకు ఉమ్మడియైనది కాబట్టి అది క్రమముగా 'సామాన్యమైనది, విని విని విసుగెత్తినది' అను అర్థమును పొందినది. నేడు పండితులు రుచిలేని కవిత్వమును 'బనాల్' అని నిందింతురు. తన యింట పొయ్యి రాజేసికొను స్వేచ్ఛలేని యిల్లాండ్ర కష్టము ఆ మాట యడుగున నున్నదని వారు తలపరు.

తెలుగు స్త్రీలు ఈ బ్యాన్ అను మాటకు మరల చాటింపను పూర్వార్థమును తెచ్చిరి. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము జరుగుచుండగా వయోజనుల వాచకములో సీతమ్మకథ యను పాఠముండెను. అక్షరములు దిద్దుకొనుచున్న స్త్రీలు ఆ కథలో తమ యిండ్లను చూచుకొనిరి. సారాయి తమ కూలిడబ్బు నెట్లు మ్రింగుచున్నదో మాటాడుకొనిరి. 1992వ సంవత్సరమున దూబగుంట స్త్రీలు మొదలిడిన ఆందోళనము రాష్ట్రమంతట వ్యాపించి, 1993వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీ నుండి ఆంధ్రప్రదేశమున సారాయి నిషేధింపబడినది. 1995వ సంవత్సరమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. అది 1997వ సంవత్సరమున సడలింపబడినది. ప్రభుత్వము నిషేధమును ప్రకటించుటకు ముందే చాటింపు వేసినవారు అక్షరములు నేర్చుకొనుచున్న ఆడువారు.

ఈ బ్యాన్ వెంటనే బ్యాంకు వచ్చినది. సారాయి అంగడికి పోవు సొమ్ము ఇంట మిగిలినప్పుడు దానిని దాచుకొను దారి కావలెను. దినమునకొక రూపాయి చొప్పున కూడబెట్టు పొదుపులక్ష్మి సంఘములు నెల్లూరున బయలుదేరి ఇతర జిల్లాలకు ప్రాకినవి. 1992వ సంవత్సరముననే నాబార్డు సంస్థవారు స్వయంసహాయక సంఘములకు బ్యాంకుల నుండి అప్పు ఇప్పించు ప్రయోగమును ఐదువందల సంఘములతో నారంభించిరి. అదే దశాబ్దపు రెండవ సగమున ఐక్యరాజ్యసమితివారి దక్షిణాసియా దారిద్ర్య నిర్మూలన కార్యక్రమము కర్నూలు జిల్లాలో పనిచేసినప్పుడు ఓర్వకల్లు మండలమును అందు చేర్చిరి. ఆ మండలపు స్త్రీలు చిన్నసంఘములను గ్రామసంఘములుగను, గ్రామసంఘములను మండల సమాఖ్యగను కూర్చుకొనిరి. వానయు, పంటయు నమ్మరాని ఆ మెట్టనేలలో పొదుపు సంఘములకు ఓర్వకల్లొక గురుతైనది. ఆ మహిళాసంఘములవారే నడపుచున్న బాలభారతి పాఠశాలయు ఆ మండలమున కలదు.

ఇటలీ షరాబుకు బల్లయైనను ఉండెను. ఈ స్త్రీల కది కూడ లేదు. నేలపై చాప పరచుకొని, వలయముగ కూర్చుండి, రూపాయలు లెక్కించి పుస్తకములో వ్రాయించుకొనుటయే వారి బ్యాంకునకు పునాది. మాట పుట్టుక నెరిగినవారికి ఇందొక సంతోషము కలదు. బ్యాంకనునది మొదట మేడ కాదు. నమ్మకముగ లెక్క చెప్పగల నలుగురు కూర్చుండు చోటు.

కట్టు, బాండు, భర్త

మూడవ కుటుంబము 'బ్యాండు'. కట్టుట యను క్రియ దీనికి మూలము. కట్టు కట్టెడి గుడ్డ 'బ్యాండేజి'. సంస్కృతమున 'బంధ' ధాతువు; మన బంధువు, బంధము, సంబంధము అన్నియు దానినుండి వచ్చినవే. దుకాణములు మూసినప్పుడు మనమనెడి 'బందు' సైతము ఆ వంశపుదే. 1786వ సంవత్సరమున సర్ విలియం జోన్సు కలకత్తాలో ఉపన్యసించుచు సంస్కృత, గ్రీకు, లాటిను భాషలొకే మూలమునుండి పుట్టినట్లున్నవని చెప్పెను. ఇంగ్లీషును ఆ వంశపుదేయని పిదప స్పష్టమైనది. కావున ఇంగ్లీషు బ్యాండును, మన బంధమును కేవలము ధ్వనిచే కలిసినవి కావు, నిజమైన జ్ఞాతులు. తెలుగు మాత్రము ఆ వంశముది కాదని, అరవ కన్నడములతో చేరినదని 1816వ సంవత్సరమున మద్రాసులో ఎల్లిసు దొర నిరూపించెను. మనము సంస్కృతమునుండి బంధమును తెచ్చుకొంటిమి. కట్టు మాత్రము మన సొంతము.

'బందానా' యను చేతిరుమాలును ఈ యింటిదే. గుడ్డను అచ్చటచ్చట చిటికెడు చిటికెడుగా పట్టి దారముతో బిగించికట్టి రంగులో ముంచిన, కట్టిన చోట్ల రంగెక్కదు. విప్పగా చుక్కలు తేలును. ఉత్తరదేశమున ఈ కట్టుపనిని బాంధను అందురు. మన దేశపు చుక్కల రుమాళ్లు పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండు చేరి, తమ పేరును వెంటబెట్టుకొని పోయినవి.

మందుల అంగళ్లలో దొరకు 'బ్యాండ్-ఎయిడ్' కథను వంటయింటివారు తప్పక వినవలెను. 1920వ సంవత్సరమున అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థలో పనిచేయుచున్న ఎర్ల్ డిక్సన్ అనునాతని భార్య వంట చేయుచు తరచుగా వ్రేళ్లు కోసికొనుచు, కాల్చుకొనుచు నుండెను. తాను లేని వేళ ఆమెయే ఒంటిచేత కట్టుకొనుటకు వీలుగా, అంటుకొను పట్టీపై చిన్న గాజుగుడ్డ ముక్కలను వరుసగా నతికి ఆయన సిద్ధముచేసెను. మరుసటి సంవత్సరము ఆ సంస్థవారు దానిని అమ్మకమునకు పెట్టిరి.

బ్యాండునకే అచ్చు మారిన చెల్లెలు 'బాండు', అనగా మాటకు కట్టుబడుదునని వ్రాసియిచ్చు పత్రము. ఇచ్చట నొక మోసమున్నది. బానిసత్వమును సూచించు 'బాండేజి'ని చూచినవారు అదియు ఈ బాండు కూతురే యనుకొందురు. కాదు. పూర్వము 'బోండా' యను మాటకు ఇంటివాడు, సేద్యగాడు అని యర్థము. కాలక్రమమున ఆ సేద్యగాండ్రు ప్రభువుల భూములకు లోబడిన దాసులైనప్పుడు వారి పేరే దాస్యమున కయ్యెను. సేద్యగాని పేరు బానిస పేరగుటకు మధ్య జరిగినదెల్ల అప్పు, కౌలు, కాగితము అని మెట్టప్రాంతపు వారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఈ 'బోండా'యే గృహమను మాటతో చేరి 'హస్బెండు' అయినది. కాబట్టి భర్త యనగా ఇంటిని కట్టియుంచువాడును కాడు, ఇంటికి కట్టబడినవాడును కాడు, ఇల్లుగలవాడు మాత్రమే. ఆ మాట పుట్టిన నాటికి ఇల్లు పురుషునిదే. నేటి చట్టమున ఆడుబిడ్డకును పాలున్నది గనుక, ఈ మాటకు క్రొత్త యర్థము చెప్పుకొనవలసిన కాలము వచ్చినది.

మన యింటినుండి పోయినవి

ఇంతవరకు వచ్చిన మాటలను జెప్పితిమి. ఇక మన దేశమునుండి పోయినవి.

'బ్యాంగిల్' అనగా గాజు. ఇది హిందీలోని 'బంగ్రీ' యను మాటనుండి పదునెనిమిదవ శతాబ్దపు చివర ఇంగ్లీషున ప్రవేశించినది. బంగ్రీ యనగా మొదట రంగుగాజు కడియము. మనము పదార్థపు పేరునే ఆభరణమునకు పెట్టితిమి. బంగారు కడియమును సైతము బంగారు గాజు అనుచున్నాము.

'బన్యన్' అనగా మర్రిచెట్టు. దీని మూలము చెట్టు కాదు, వర్తకుడు. గుజరాతీలో వర్తకుని 'వాణియో' అందురు, సంస్కృతపు వణిజుడే. పోర్చుగీసువారి నోట అది బనియనైనది. పారసీకసముద్రతీరమున నొక రేవులో మన వర్తకులు ఒక మర్రి క్రింద గుడి కట్టుకొని చేరుచుండగా, చూచిన ఐరోపావారు దానిని బనియనుల చెట్టనిరి. పిదప లోకములోని మర్రులన్నిటికిని ఆ పేరే వచ్చినది. ఆ వర్తకుల వదులైన అంగీకిని అదియే పేరు. అదియే చిక్కి, పొట్టియై, నేడు మన యింట దండెముపై ఆరుచున్న బనియను. మర్రియు బనియనును అన్నదమ్ములని యెవరు తలతురు? అనంతపురపు సీమలో కదిరికి దాపున నున్న తిమ్మమ్మ మర్రిమాను ఇంచుమించు ఐదెకరముల మేర వ్యాపించి, 1989వ సంవత్సరమున గిన్నిసు గ్రంథమున కెక్కినది. దానికి వర్తకుని పేరు లేదు. ఒక స్త్రీ పేరున్నది.

'బనానా' యనగా అరటిపండు. మన పులివెందుల తోటలలో నెంత విరివిగా పండినను ఈ పేరు మనది కాదు. పడమటి ఆఫ్రికా వారిది. పోర్చుగీసు, స్పెయిను నావికులు దానిని మోసికొనిపోయిరి.

చివరకు మిగిలినది అచ్చముగా మన తెలుగుది: 'బ్యాండికూట్'. ఇది మరేమియు కాదు, మన పందికొక్కే! గాదె క్రింద బొరియ త్రవ్వి గింజలు దోచుకొనిపోవు ఈ ప్రాణిని తెలుగువారు పందియంతటి కొక్కని పిలువగా, దొరలు విని వ్రాసికొనిరి. 1886వ సంవత్సరమున యూలు, బర్నెలు అనువారు ప్రకటించిన హాబ్సన్–జాబ్సన్ అను నిఘంటువులో దీని తెలుగు పుట్టుక స్పష్టముగ చెప్పబడినది. 1873వ సంవత్సరమున జంతుశాస్త్రజ్ఞుడు గ్రే ఆ జాతికే 'బ్యాండికోటా' యని శాస్త్రనామమిచ్చెను. అంతటితో ఆగలేదు. ఆస్ట్రేలియాకు పోయిన తెల్లవారు అచ్చట మూతి పొడవైన చిన్నజంతువు నొకదానిని చూచి దానికిని ఈ పేరే పెట్టిరి. అది ఎలుకయే కాదు. కంగారువలె బిడ్డను సంచిలో పెంచుకొనునది. ఇచ్చటను ముఖసామ్యమే మోసగించినది. బంధువు కాని జంతువునకు మన పందికొక్కు పేరంటినది.

ఇట్లు ఈ మూడక్షరముల వీథిలో ఇటలీ బల్లయు, జర్మను తెగల చాటింపును, సంస్కృతపు దాయాదియు, గుజరాతు వర్తకుడును, ఆఫ్రికా పండును, తెలుగు పందికొక్కును ప్రక్కప్రక్క ఇండ్లలో కాపురముండుట చూచితిమి. ఇంగ్లీషనునది మనము భయపడదగిన ఏకశిల కాదు. అది పలువురి యిండ్లనుండి తెచ్చుకొన్న సామానుతో నిండిన యిల్లు. అందు మన సామానును కలదు. ఓర్వకల్లునకు దక్షిణమున, నేటి నంద్యాల జిల్లాలోని బనగానపల్లె పేరును ఇంగ్లీషున వ్రాసిన బి, ఏ, ఎన్ అనియే మొదలగును. 1948వ సంవత్సరము వరకు నవాబుల సంస్థానమైన ఆ యూరి పేరు నేడు మామిడిపండుతో దేశదేశములకు పోవుచున్నది. 2017వ సంవత్సరమున దానికి భౌగోళిక గుర్తింపును లభించినది. ఆ పండునకే మరియొక పేరు బేనిషాను. పారసీకమున మచ్చలేనిదని యర్థము.

సోదరీమణులారా! మాటల పుట్టుక తెలిసికొనుట పండితుల వినోదము మాత్రమే కాదు. 2010వ సంవత్సరమున మన రాష్ట్రమున సూక్ష్మఋణసంస్థల వసూళ్ల బాధ మితిమీరగా ప్రభుత్వము అత్యవసరశాసనము చేయవలసివచ్చినది. బాండు అనగా కట్టు. ఎవరెవరిని, ఎంతకాలము, ఎంత వడ్డీకి కట్టుచున్నారో చదువక వ్రేలిముద్ర వేసినచో ఆ కట్టు విప్పుట కష్టము. పొదుపు సంఘమున గాని, బ్యాంకున గాని, కచేరీలో గాని తెలియని మాట యెదురైనప్పుడు సిగ్గుపడి తలయూపకుడు. 'ఈ మాట కర్థమేమి?' అని యడుగుడు. చెప్పినది తెలియకున్న మరల నడుగుడు. కోడలు ఇంటికి వచ్చునప్పుడు పుట్టినిల్లేదో, వారి నడవడి యేమో విచారించిన పిదపనే తాంబూలము పుచ్చుకొందుము. మన సంతకము పుచ్చుకొనవచ్చిన మాటకును అంతమాత్రపు విచారణ చేయుట మన హక్కు.